రక్తం మాత్రలు: తప్పుచోట పెట్టుకున్న భయాలు

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడమంటే వక్తకు ఒక వెసులుబాటు ఉంది. వైద్యంలో ఏ మూల నుంచి మొదలుపెట్టినా ఎక్కడో ఒకచోట ఆయన ఎదురవుతారు. కండరానికి శక్తి ఎలా అందుతుందో చెప్పబోయినా ఆయనే, బోదకాలుకు ఇచ్చే డీఈసీ మాత్ర గురించి చెప్పబోయినా ఆయనే, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ గురించి చెప్పబోయినా ఆయనే. వీటన్నిటినీ పక్కనపెట్టి ఇవాళ నేను చాలా చవకైన సంగతి ఒకటి ఎంచుకున్నాను. ఊళ్లలో రక్తం మాత్రలు అంటారు, కొన్నిచోట్ల బలం గోలీలు అంటారు. ప్రభుత్వాసుపత్రిలో ఊరికే ఇచ్చే ఆ ఎర్ర మాత్రలో ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములు ఉంటాయి. ఇనుముతో వైద్యం మనకు పాతదే. మండూరం, లోహాసవం మన తాతముత్తాతలకు తెలుసు. రెండోది, ఆ అర మిల్లీగ్రాము ఫోలిక్ ఆమ్లం, భీమవరంలో పుట్టిన మనిషి నడిపిన ప్రయోగశాల నుంచి మనకు తిరిగొచ్చింది.

తిరిగొచ్చింది అని ఎందుకంటున్నానంటే, దాని కథ మొదలైంది కూడా మన దేశంలోనే. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో ఒక రకం రక్తహీనత కనిపిస్తోంది. వాళ్ల ఎర్ర కణాలు ఉండాల్సినదానికన్నా పెద్దవిగా, పచ్చిగా ఉంటున్నాయి. కారణం ఏ సూక్ష్మజీవో కాదు, తిండిలో లోపమని ఆమె పట్టుకుంది. ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే ముద్ద తినిపిస్తే వాళ్లు లేచి కూర్చున్నారు. 1931లో ఆ సంగతి ప్రచురించింది. అందులో పనిచేసే పదార్థం ఏమిటో తెలియక కొన్నేళ్లు దాన్ని విల్స్ ఫాక్టర్ అనే పిలిచారు. ఆమె కొంతకాలం కూనూరులో కూడా పనిచేసింది. అక్కడి పోషకాహార పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తార్నాకలో మనందరికీ తెలిసిన జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఆ పదార్థాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు గారి బృందం కృత్రిమంగా తయారుచేసింది. అంతవరకూ గుప్పెడు మందు కోసం గంపలకొద్దీ కాలేయం, ఆకుకూరలు ఉడకబెట్టి పిండుకోవాల్సి వచ్చేది. ఆ తర్వాత అది సీసాల్లోకి వచ్చింది. సుబ్బారావు గారి ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బు కొద్ది రోజుల తేడాతో పొట్టనపెట్టుకుందనీ, ఆయనకూ అది సోకితే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో తేరుకున్నారనీ జీవితచరిత్రకారులు రాశారు. కొత్తగా తయారైన ఫోలిక్ ఆమ్లం మొదట్లోనే గుణమిచ్చిన జబ్బుల్లో స్ప్రూ ఒకటి.

కథలో రెండో సగం కూడా చెప్పాలి, ఎందుకంటే నా మాటలకు ఆధారం అక్కడే ఉంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సరు ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి మందులు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా ఊపందుకున్నట్టు అనిపించింది. రక్తకణాలు పెరగడానికి సాయపడే మందు, పెరగకూడని కణాలకూ సాయపడుతోందన్నమాట. అయితే దాన్ని అడ్డుకునే మందు కావాలి. సుబ్బారావు గారి బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని కొద్దిగా మార్చి అమినోప్టెరిన్ అనే విరుగుడు చేసి పంపింది. 1948లో ఫార్బర్ దానితో పిల్లల్లో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గడాన్ని చూపించాడు. దాని తమ్ముడే ఇవాళ కీళ్లవాతానికి కూడా వాడే మెథోట్రెక్సేట్. మందునూ దాని విరుగుడునూ ఒకే చేత్తో చేసిన మనిషికి మందు ఎంతవరకు మందో తెలియకుండా ఉంటుందా?

మనకు తెలియదు. అదే నా ఫిర్యాదు. ఐరన్, ఫోలిక్ ఆమ్లం విషయంలో భయపడనక్కర్లేని చోట భయపడి మాత్రలు గోడవతల పారేస్తున్నాం. భయపడాల్సిన చోట మాత్రం చాక్లెట్ల డబ్బా పక్కన పెడుతున్నాం.

ముందు అనవసరమైన భయాల సంగతి చూద్దాం.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. అంటే మనం సగటుకన్నా మెరుగేమీ కాదు. గర్భిణులకు ఈ మాత్రలు ఇచ్చే పథకం 1970 నుంచీ నడుస్తోంది. 2018లో అనీమియా ముక్త్ భారత్ పేరుతో దాన్ని పెంచి, పసిపిల్లలకు సిరప్పు, చిన్న తరగతుల పిల్లలకు గులాబీ మాత్ర, పెద్ద పిల్లలకు నీలం మాత్ర, ఆడవాళ్లకు ఎర్ర మాత్ర అని రంగులు కూడా పెట్టారు. ఇంత ఏర్పాటు ఉండి కూడా, కడుపుతో ఉన్నప్పుడు 180 రోజులు మాత్రలు వేసుకున్నామని చెప్పిన తల్లులు ఆ సర్వేలో నూటికి 26 మంది. మిగతావారి మాత్రలు ఎక్కడున్నాయి?

నాకు తెలిసిన ఒక నర్సమ్మ దీనికి మంచి పద్ధతి పెట్టుకుంది. ఇంటికెళ్లి "ఏమ్మా, మాత్రలు వేసుకుంటున్నావా?" అని అడుగుతుంది. అందరూ "ఆఁ, వేసుకుంటన్నానండి" అనే అంటారు. అప్పుడు "ఏదీ, షీటు పట్రా చూద్దాం" అంటుంది. ఒక ఇంట్లో అలా అడిగితే కోడలు కదల్లేదు. అత్తగారు లోపలికెళ్లి టీవీ వెనక నుంచి మూడు షీట్లు తెచ్చింది. ఒక్క మాత్రా చిరగలేదు. "ఏం చెయ్యమంటావు తల్లీ, ఇవి మింగితే నల్ల బిడ్డ పుడతాడంట కదా" అంది పెద్దావిడ. నర్సమ్మ విసుక్కోలేదు. "నేను ఇద్దర్ని కన్నాను పెద్దమ్మా, రెండుసార్లూ ఇవే మింగాను. పెద్దది నా రంగు, చిన్నోడు వాళ్ల నాన్న రంగు. మాత్రల రంగు ఎవరికీ రాలా" అంది. కోడలు నవ్వింది. తర్వాతి నెల షీట్లో ఖాళీ గుంటలు కనబడ్డాయి.

నల్ల బిడ్డ భయం ఒకటి. బిడ్డ లోపల మరీ లావైపోయి కాన్పు కష్టమవుతుందన్నది ఇంకొకటి. ఒంటికి వేడి చేస్తుందన్నది మూడోది. మొదటి రెండింటిలో నిజం లేదు. రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. ఇనుము లేని తల్లికి బిడ్డ తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం ఎక్కువ. అసలు భయపడాల్సింది కాన్పులో పోయే రక్తానికి. 12 పాయింట్ల రక్తం (హిమోగ్లోబిన్) ఉన్న మనిషి తట్టుకునే రక్తస్రావాన్ని 7 పాయింట్ల మనిషి తట్టుకోలేదు.

మూడోదానిలో కొంత నిజం ఉంది, దాన్ని కొట్టిపారేస్తే వినేవాళ్లు మనల్ని నమ్మరు. వికారం, కడుపులో మంట, మలబద్ధకం, నల్ల విరేచనం ఈ మాత్రతో వస్తాయి. ఎందుకొస్తాయో లెక్క చూడండి. రోజుకు 60 మిల్లీగ్రాముల చొప్పున 180 మాత్రలంటే దాదాపు 11 గ్రాముల ఇనుము. గర్భం మొత్తానికి తల్లికీ బిడ్డకూ అదనంగా కావలసింది సుమారు ఒక గ్రాము. పేగు తీసుకునేది తీసుకోగా మిగిలినదంతా కిందికి పోవాల్సిందే. విరేచనం నల్లబడేది అందుకే. అది మాత్ర లోపలికి వెళ్లిందనడానికి గుర్తు. నర్సమ్మలు ఈ ఒక్క ముక్క మాత్ర ఇచ్చిన రోజే చెబితే, నాలుగో రోజు భయపడి మానేసేవాళ్లు సగం తగ్గిపోతారని నా అనుభవం. అయితే తారులా జిగటగా, దుర్వాసనతో, కళ్లు తిరుగుతూ వచ్చే నల్ల విరేచనం వేరు. అది పొట్టలో రక్తస్రావం కావచ్చు, ఆలస్యం చేయకూడదు.

వికారానికి మందు మానడం కాదు, వేళ మార్చడం. పరగడుపున ఇనుము బాగా ఒంటబడుతుంది గానీ కడుపు ఒప్పుకోకపోతే అన్నం తిన్న గంటకో, పడుకోబోయే ముందో వేసుకోవచ్చు. కాస్త తక్కువ ఒంటబట్టినా రోజూ వేసుకుంటే చాలు. నిమ్మరసమో జామకాయో తోడుంటే మేలు. టీ, కాఫీ, పాలు మాత్రం దాని దగ్గరికి రానివ్వకూడదు. మన ఆడవాళ్లకు మాత్ర వేసుకోగానే నోట్లో చేదు పోవడానికి గుక్కెడు టీ తాగే అలవాటుంది. ఆ గుక్కెడుతో ఒంటబట్టే ఇనుము తగ్గిపోతుంది. గర్భిణులకు ఆసుపత్రిలో కాల్షియం మాత్రలు కూడా ఇస్తారు. రెండూ ఒకే సంచిలో వస్తాయి కాబట్టి ఒకేసారి మింగేస్తారు. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి అనుకుంటే సరిపోతుంది, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లయితే దానికీ దీనికీ నాలుగు గంటల ఎడం. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోనక్కర్లేదు.

ఎవరికి ఎంత అన్నది కూడా చెప్పేస్తాను. మొదటి మూడు నెలలు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే, రోజుకు 400 మైక్రోగ్రాములు. నాలుగో నెల నుంచి ఎర్ర మాత్ర రోజుకొకటి, కాన్పయ్యాక ఇంకో 180 రోజులు. రక్తం 11 పాయింట్ల కన్నా తగ్గితే రోజుకు రెండు. 7 కన్నా తగ్గితే మాత్రలతో ఇంట్లో కూర్చోవడం కాదు, ఆసుపత్రి. అక్కడ సెలైన్లో కలిపి ఎక్కించే ఐరన్ ఉంది, మూడు నెలలు దాటాక ఇస్తారు. అది కూడా అన్ని సౌకర్యాలున్న చోటే. అరుదుగానైనా ఆ సూదితో ఒళ్లంతా దద్దుర్లు వచ్చి బీపీ పడిపోవచ్చు. పల్లెలో మంచం మీద పడుకోబెట్టి ఎక్కించే పని కాదది. మునగాకు, గోంగూర, పల్లీ బెల్లం ఉండలు మంచివే, తినండి. కానీ 8 పాయింట్ల మనిషిని అవి నెలలు నిండేలోపు 11కు తేలేవు. మొక్కల్లోని ఇనుము చాలా కొద్దిగా ఒంటబడుతుంది.

ఇక, మనం పెట్టుకోని భయాలు.

ఒంట్లో ఇనుముకు వీధి తలుపు ఉంది గానీ పెరటి తలుపు లేదు. లోపలికి వచ్చిన ఇనుమును బయటికి పంపే ఏర్పాటు శరీరానికి లేదని 1937లోనే మెకాన్స్, విడోసన్ అనే ఇద్దరు చూపించారు. రోజుకు ఏ మిల్లీగ్రామో చర్మంతో, పేగుతో రాలిపోవడమే. అందుకే శరీరం కాపలా అంతా ప్రవేశం దగ్గరే పెట్టుకుంది. ఒక్కసారిగా పెద్ద మొత్తం వచ్చిపడితే ఆ కాపలా తెగిపోతుంది.

కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల ఇనుము దాటితే కడుపులో గొడవ మొదలవుతుంది. 60 దాటితే ప్రాణం మీదికొస్తుంది. ఏడాదిన్నర పిల్లాడు పది కిలోలుంటాడు. వాడికి 600 మిల్లీగ్రాములంటే తల్లి మింగే ఎర్ర మాత్రలు పది. అంటే ఒక్క షీటు. మందుల దుకాణంలో దొరికే వంద మిల్లీగ్రాముల రకమైతే ఆరు చాలు. పైన తీపి పూత, కింద మెరుపు, చూడ్డానికి అచ్చంగా జెమ్స్ బిళ్లలే. ఇంట్లో బాలింత ఉందంటే చాలాసార్లు పాకే పిల్లో, తప్పటడుగుల పిల్లో కూడా ఉంటారు. ఆ ఇంట్లోనే, వాళ్ల ఎత్తుకు అందే కిటికీలోనే, ఈ మాత్రలుంటాయి.

2023 మార్చిలో నీలగిరి జిల్లా ఊటీలో ఒక బడిలో పిల్లలు, ఎవరెక్కువ మింగుతారోనని పందెం వేసుకుని ఐరన్ మాత్రలు మింగారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె కాలేయం దెబ్బతిని చనిపోయింది. వారానికొకటి ఇవ్వాల్సిన మాత్ర పిల్లల చేతికి గుత్తగా దొరకడమే అక్కడ ప్రమాదం. ఉపాధ్యాయులు దగ్గరుండి ఒక్కొక్కటి మింగించి, డబ్బాకు తాళం వేస్తే పందేనికి తావుండదు. అమెరికాలో 1997లో 30 మిల్లీగ్రాములు, అంతకన్నా ఎక్కువ ఇనుము ఉన్న మాత్రలను ఒక్కొక్కటిగా చింపుకునే అట్టల్లోనే అమ్మాలని, హెచ్చరిక రాయాలని నిబంధన పెట్టారు. ఆ తర్వాత పసిపిల్లల మరణాలు బాగా తగ్గాయి. మన దగ్గర కూడా షీట్లు వచ్చాయి, సంతోషం. కానీ ఇంటికి రాగానే అన్నీ ఒలిచి హార్లిక్స్ సీసాలో పోసుకునేవాళ్లను నేనెరుగుదును. ఆ పని చేయొద్దు. షీట్లోనే ఉంచి, షీటును అటక మీద పెట్టండి.

పిల్లాడు మింగేశాడనుకోండి. తల్లులు మోసపోయేది ఇక్కడే, జాగ్రత్తగా వినండి. మొదటి కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు, వాటిలో రక్తం జీర కనిపించవచ్చు. ఆరు గంటలు దాటాక పిల్లాడు తేరుకున్నట్టు కనిపిస్తాడు, ఆడుకుంటాడు కూడా. "తగ్గిపోయిందిలే" అని ఇంటికి తీసుకుపోతారు. లోపల ఇనుము కాలేయంలోకి, గుండెలోకి చేరుతూ ఉంటుంది. మర్నాటికి పిల్లాడు చల్లబడిపోతాడు. అందుకే ఆడుకుంటున్నా సరే ఆసుపత్రిలో ఉంచాలి. ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. విషాలకు ఇచ్చే బొగ్గు మందు ఇనుమును పట్టుకోదు. డెఫెరాక్సమిన్ అనే విరుగుడు ఉంది, పెద్దాసుపత్రుల్లోనే దొరుకుతుంది. 108కి ఫోన్ చేయండి. ఖాళీ షీటు వెంట తీసుకెళ్లండి. ఎన్ని మాత్రలు పోయాయో, ఒక్కో మాత్రలో ఎంత ఇనుమో డాక్టరుకు దానివల్లే తెలుస్తుంది.

షీటు మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న కోపం. షీటు వెనక అక్షరాలు చీమ తలకాయంత, అదీ ఇంగ్లీషులో. ఎండబెట్టిన ఫెర్రస్ సల్ఫేట్ 200 మిల్లీగ్రాములని రాసుంటే అందులో అసలు ఇనుము 60, 65 మిల్లీగ్రాములే. మరో రకం మీద 100 అని రాస్తే అది నిజంగా వంద ఇనుమే. చదువుకున్నవాళ్లకే తికమక. పెద్ద అంకె ఉన్నది బలమైనదనుకుని మార్చుకునేవాళ్లు ఉన్నారు.

సుబ్బారావు గారి సొంత మందు దగ్గరికి వద్దాం. ఫోలిక్ ఆమ్లం నీళ్లలో కరిగే విటమిను, ఎక్కువైతే మూత్రంలో పోతుంది, కాబట్టి ప్రమాదమే లేదని అందరూ చెబుతారు. చాలావరకు నిజమే. బిడ్డ వెన్నుపాము గొట్టం గర్భం పడిన 28 రోజుల్లోపే మూసుకోవాలి. నెల తప్పిందని తెలిసేసరికే అందులో సగం కాలం గడిచిపోతుంది. ముందే ఫోలిక్ ఆమ్లం ఒంట్లో ఉంటే ఆ గొట్టం మూసుకోని లోపం చాలావరకు రాదు. అలాంటి లోపంతో ఒక బిడ్డ పుట్టిన తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే, తర్వాతి బిడ్డకు అది రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ పరిశోధకులు తేల్చారు. అందుకే పెళ్లయి పిల్లలు కావాలనుకునే అమ్మాయి గర్భం రాకముందే మొదలుపెట్టాలి. ఈ మాట డాక్టర్లు కాన్పు గదిలో చెబుతారు, పెళ్లి పందిట్లో చెప్పాల్సిన మాట అది.

కానీ మన మందుల దుకాణాల్లో తేలిగ్గా దొరికేది 5 మిల్లీగ్రాముల మాత్ర. 400 మైక్రోగ్రాములకు అది పన్నెండున్నర రెట్లు. ముందు కాన్పులో లోపం ఉన్నవారికి, మూర్ఛ మందులు వాడేవారికి, ఇంకా కొందరికి ఆ మోతాదు కావాలి, డాక్టరు రాస్తాడు. మిగతావాళ్లు నీరసమని, జుట్టు ఊడుతోందని, ఏళ్ల తరబడి దాన్ని మింగడంలో ఒక చిక్కుంది. ఎర్ర కణాలు పెద్దవైపోయే రక్తహీనత ఫోలిక్ ఆమ్లం లేకపోయినా వస్తుంది, బి12 లేకపోయినా వస్తుంది. బి12 లేనివాళ్లకు ఫోలిక్ ఆమ్లం పోస్తే రక్తం బాగుపడుతుంది. రిపోర్టు చూసి అంతా బాగుందనుకుంటాం. నరాలు మాత్రం లోపల లోపల పాడవుతూనే ఉంటాయి. అరికాళ్లలో తిమ్మిరి, చీకట్లో నడిస్తే తూలడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, ఆ తర్వాత మతిమరుపు. ఆలస్యమైతే తిరిగి రావు.

ఇది ఊహ కాదు. ఫోలిక్ ఆమ్లం కొత్తగా వచ్చిన రోజుల్లో, బి12 లోపం వల్ల వచ్చే పెర్నీషియస్ అనీమియా రోగులకు దాన్ని ఉత్సాహంగా ఇచ్చారు. రక్తం పెరిగింది, కాళ్లు పడిపోయాయి. బి12ను శుద్ధంగా వేరుచేసింది 1948లో, సుబ్బారావు గారు కన్నుమూసిన ఏడాదే. పెద్దవాళ్లు రోజుకు ఒక మిల్లీగ్రాముకన్నా ఎక్కువ ఫోలిక్ ఆమ్లం సొంతంగా వాడొద్దని హద్దు పెట్టింది ఈ కారణంతోనే. బి12 మాంసం, గుడ్లు, పాలల్లో తప్ప మొక్కల్లో లేదు. శాకాహారులు, షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతున్నవాళ్లు, అరవై దాటినవాళ్లు ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టే ముందు బి12 పరీక్ష చేయించుకోవడం తెలివైన పని. గర్భిణికిచ్చే 500 మైక్రోగ్రాముల గురించి కాదు నేను చెప్పేది. ఆమె నిశ్చింతగా వేసుకోవచ్చు.

ఆయన రెండో సృష్టి, మెథోట్రెక్సేట్, ఫోలిక్ ఆమ్లానికి జతగా మన ఇళ్లలోనే ఉంటోంది. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు దాన్ని వారానికి ఒక్కరోజే ఇస్తారు. దాని దుష్ఫలితాలు తగ్గడానికి వేరే రోజున ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. రెండూ చిన్న మాత్రలే, చాలా కంపెనీలవి రెండూ పసుపు రంగే. ఒకటి రోజూ వేసుకున్నా పెద్ద నష్టం లేనిది, ఇంకొకటి రోజూ వేసుకుంటే పదిహేను రోజుల్లో నోరంతా పుండై, తెల్లకణాలు పడిపోయి మనిషిని తీసుకుపోయేది. "వారానికొకటి" అని డాక్టరు గొలుసుకట్టు రాతలో రాసింది, దుకాణంలో "రోజుకొకటి" అయిపోవడం మన రాష్ట్రాల్లోనే కాదు, ప్రపంచమంతటా జరిగి మనుషులు పోయారు. మీ ఇంట్లో ఎవరైనా ఇది వాడుతుంటే షీటు మీద మార్కరుతో తెలుగులో "మంగళవారం మాత్రమే" అని రాయండి. ఏ వారమైతే ఆ వారం. పొరపాటున రోజూ వేసుకుని ఉంటే ఫోలిక్ ఆమ్లం మాత్ర దానికి విరుగుడు కాదు. ఫోలినిక్ ఆమ్లం అనే వేరే మందు ఉంది, దానికోసం ఆసుపత్రికే పరుగెత్తాలి.

రక్తం తక్కువుందంటే ఇనుమే తక్కువని కూడా అనుకోకూడదు. తలసీమియా ఉన్న పిల్లలకు మూడు, నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు. ఒక్కో సంచితో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము లోపలికి వెళ్తుంది. పెరటి తలుపు లేదని చెప్పాను కదా, అది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని తీయడానికి వాళ్లు ఖరీదైన మందులు వాడుతుంటే, మరోపక్క "పాపం, రక్తం లేదు" అని ఇంట్లోవాళ్లు ఐరన్ టానిక్ పట్టడం చూశాను. సికిల్ సెల్ ఉన్నవాళ్లకూ అంతే. ఫోలిక్ ఆమ్లం కావాలి, ఇనుము లోపం పరీక్షలో తేలితే తప్ప ఇనుము వద్దు. తలసీమియా వాహకుల సంగతి ఇంకో రకం. పది పాయింట్ల దగ్గరే జీవితమంతా ఉంటుంది, ఎన్ని షీట్లు మింగినా కదలదు. నెల రోజులు శ్రద్ధగా వేసుకున్నా ఒక్క పాయింటు పెరగకపోతే మోతాదు పెంచడం కాదు, ఫెరిటిన్, ఎలక్ట్రోఫొరెసిస్ పరీక్షలు చేయించాలి.

మన్యంలో ఇంకో జాగ్రత్త ఉంది. జాంజిబార్ దగ్గరి పెంబా దీవిలో మలేరియా విపరీతం. అక్కడ మూడేళ్లలోపు పిల్లలకు రోజూ ఐరన్, ఫోలిక్ ఆమ్లం ఇచ్చిన పరిశోధనలో ఆసుపత్రి పాలవడం, చనిపోవడం కలిపి 12 శాతం పెరిగాయని 2006లో ప్రచురించారు. పరిశోధనలో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అదే సమయంలో మలేరియా దాదాపు లేని నేపాల్ మైదానంలో జరిపిన అలాంటి పరిశోధనలో ఏ హానీ కనబడలేదు. మలేరియా క్రిమికీ ఇనుము కావాలి. అలాగని ఏజెన్సీ పిల్లలకు ఐరన్ మానేయాలని కాదు, వాళ్లకే రక్తహీనత ఎక్కువ. దోమతెర, జ్వరం రాగానే రక్తపరీక్ష, మలేరియా మందు అందుబాటులో ఉన్నచోట ఐరన్ ఇవ్వాలి. జ్వరంతో ఉన్న పిల్లకు ఆ వారం సిరప్పు ఆపి, తగ్గాక మొదలుపెట్టాలి. సిరప్పు వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు, సీసాతో ఇచ్చిన డ్రాపరుతోనే. వంటింటి చెంచాతో కాదు. నాలుక వెనకభాగాన వేస్తే పళ్లు నల్లబడవు.

మగవాళ్లారా, మీకూ ఒక మాట. యాభై దాటిన మగమనిషికి, ముట్లు ఆగిన ఆడమనిషికి ఇనుము లోపం వచ్చిందంటే ఒంట్లోంచి రక్తం ఎక్కడో పోతోందేమోనని ముందు అనుమానించాలి. మొలలు కావచ్చు, మోకాళ్ల నొప్పికి మింగే గోలీలతో పడ్డ పుండు కావచ్చు, పేగు క్యాన్సరు కావచ్చు. ఆర్ఎంపీ ఇచ్చిన ఐరన్ టానిక్‌తో పాయింట్లు పెరిగి ఆరు నెలలు హాయిగా గడుస్తాయి. లోపల గడ్డకు కూడా ఆ ఆరు నెలలు దొరుకుతాయి.

ఇక మీ ప్రశ్నలకు వస్తాను. మొదటి ప్రశ్న ఏమిటో నాకు ముందే తెలుసు, ఈమధ్య ఏ సభకెళ్లినా అదే అడుగుతున్నారు: "రోజు విడిచి రోజు వేసుకుంటే ఎక్కువ ఒంటబడుతుందట, నిజమేనా?" నిజమే, ఒక హద్దులో. ఇనుము మాత్ర పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను వదిలి, ఒక రోజుపాటు పేగు దగ్గర ద్వారం బిగిస్తుంది. అందుకని మర్నాటి మాత్ర తక్కువగా ఒంటబడుతుంది. ఒకరోజు విడిచి ఇస్తే ఒక్కో మాత్రలోంచి ఎక్కువ ఇనుము అందిందని 2017లో స్విట్జర్లాండ్ పరిశోధకులు చూపించారు. అయితే వాళ్లు పరీక్షించింది ఇనుము నిల్వలు తగ్గిన యువతులను, గర్భిణులను కాదు. గర్భిణికి కావలసిన ఇనుము ఎక్కువ, చేతిలో ఉన్న నెలలు తక్కువ. అందుకని ఆమెకు డాక్టరు మార్చి చెప్పేదాకా రోజుకొకటే. మాత్ర పడక, వాంతులై, మొత్తానికే మానేయబోతున్న అమ్మాయికి రోజు విడిచి రోజైనా వేసుకోమని డాక్టరు చెప్పవచ్చు. టీవీ వెనక పడున్న షీటుకన్నా అది నయం.

రెండో ప్రశ్న ఎవరిది?